రెండు రాత్రులు, మూడు పగళ్లు

నారాయణగూడలో మెట్ల కింది ఆఫీసు మాది.
నాలుగేళ్లుగా స్పెయిన్‌ని అమ్ముతున్నాను
ఒక్కసారీ చూడకుండా.
కొండ కొన మీద సున్నపు గోడల ఊరు,
సన్నటి సందులు, బాల్కనీల్లో ఎర్రపూల కుండీలు,
రెండు రాత్రులు, మూడు పగళ్లు, పొద్దుటి ఫలహారం ఉచితం.
"అక్కడ చూడ్డానికి ఏముంటుందమ్మా?" అని అడుగుతారు.
కోట ఉంటుంది, చర్చి ఉంటుంది, ఆలివ్ తోటలుంటాయి అని
వేళ్లు మడుస్తూ చెబుతాను.
నాలుగో వేలు దగ్గర ఎప్పుడూ తడబడతాను.

పైకప్పు పెచ్చులూడి
అక్టోబరులో మూడు రోజులు ఆఫీసు మూసేశారు.
"మా ఖాలా మేడ మీద గది ఖాళీయే, పోరాదూ" అంది ఫర్హానా,
ముందుగదిలో టికెట్లు కొట్టే పిల్ల.

మౌలాలి గుట్ట.
బస్సు దిగి, పట్టాలు దాటి,
బండి దగ్గర అరడజను సీతాఫలాలు బేరమాడి
మెట్లెక్కాను.
నూటముప్పై దాకా లెక్కపెట్టాక
ఆయాసం లెక్కని మింగేసింది.

కుల్సుం బీ గది చూపించింది.
నిరుడు రంజాన్‌కి కొట్టిన సున్నం,
చెయ్యి ఆనిస్తే చేతికంటుకుంది.
నవారు మంచం, కూజా, గోడకి ఒక్క మేకు.
కిటికీలోంచి సగం దాకా లోపలికొచ్చి ఆగిన బండరాయి.
ఇల్లు కట్టేటప్పుడు పగలగొట్టలేక
"సరే, ఉండు" అన్నారట దాన్ని.
"నీళ్లు మూడు రోజులకోసారి," అంది ఆమె,
"నిన్ననే వచ్చిపోయినయ్."
ఇంకే షరతులూ లేవు.

మొదటి పగలు నాకు చేతకాలేదు.
ఫోను తీసి, పెట్టి, మళ్లీ తీసి,
కూజా మూత సరిచేసి,
కింద యార్డులో గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాను: యాభై ఎనిమిది.
ఆ లెక్క ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు.
రాత్రి ఊరి దీపాలన్నీ కిందున్నాయి,
ఎన్నాళ్లకో, నాకంటే కింద.
ఇంజను కూత ఒకటి గుట్టెక్కి
నా మంచం కోడు దాకా వచ్చి వెనక్కిపోయింది.
ఎప్పుడు పడుకున్నానో మరి.

రెండోనాడు మధ్యాహ్నం
గుట్ట గుట్టంతా కునుకు తీసింది.
కిరాణా కొట్టు మీదికి గోనెపట్టా దిగింది,
మేకలు నీడతో పాటు జరిగాయి,
కుల్సుం బీ గడప దగ్గర చాప వేసి
కొంగు మొహాన కప్పుకుంది.
నేను సీతాఫలం విప్పాను.
ఒక్కో గింజా నున్నగా తేలేదాకా నాలుక మీద తిప్పి
బండ అంచు మీంచి ఉమ్మాను.
ఎంతసేపో. గింజలు లెక్కపెట్టలేదు.

ఆరింటికి, ఎండ పోయినా బండ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు
ఫోను మోగింది.
కూకట్‌పల్లి సుదర్శనంగారు, స్పెయిన్ నుంచి.
"ఏం ఊరమ్మా ఇది! రెండున్నరకే తలుపులు బిడాయించేశారు,
కాఫీ లేదు, కుక్క కూడా నిద్దరోతోంది.
మా ఆవిడ నన్ను చూస్తోంది, నేను ఆవిణ్ణి చూస్తున్నా.
ఇప్పుడేం చెయ్యమంటావు?"
కోట అనబోయాను. చర్చి అనబోయాను.
నోట్లో గింజ అడ్డమొచ్చింది.
"గోడ నీడన కూర్చోండి సార్,
ఎండ మీ పాదాల దాకా వచ్చేవరకు."
"వచ్చాక?"
"కాళ్లు కాస్త జరుపుకోండి."

అటువైపు చాలాసేపు ఏమీ వినబడలేదు.
పెట్టేశారనుకున్నాను. లేదు,
కుర్చీ ఈడ్చిన చప్పుడు,
ఆవిడ గొంతు: "ఇటు రండి, ఇక్కడ చల్లగా ఉంది."
బిల్లు పెరుగుతుందని నేనే పెట్టేశాను.

మూడోనాడు తెల్లారకముందే నీళ్లొచ్చాయి.
గుట్టంతా బిందెల మోత.
నేనూ ఓ బిందె ఎత్తుకుని
పది మెట్లెక్కేలోపు సగం ఒలకబోశాను.
అద్దె రెండు వందలంది కుల్సుం బీ.
ఇచ్చాక, లెక్కపెట్టుకున్నాక,
"ఈసారి వచ్చేటప్పుడు కొత్త నవారు పట్టుకురా" అంది.

బస్సులో వెనక సీటామె
నా వీపంతా సున్నం ఉందని చెప్పి
దులిపేసింది కూడా,
నేను వద్దనేలోపే.