నీడలో నుయ్యి

పదహారు వేల అడుగుల మీంచి చూస్తే
మనిషి ఉండడు, మనిషి గీసిన గీతలుంటాయి.
గట్లు, కాలిబాటలు, కళ్ళాలు,
ఎడ్లబండి తిరిగి తిరిగి తెల్లబడ్డ మలుపు.

ఇరవయ్యేళ్ళు నా ఉద్యోగం అదే.
విశాఖపట్నంలో ఓ పాత మేడమీద,
ఉప్పుగాలికి కిటికీ చువ్వలు పొరలుగా రాలే గదిలో
బూడిదరంగుల్ని పేరుపెట్టి పిలవడం.
నల్లగా మెత్తగా ఉంటే వరి.
గరుకుగా ఉంటే చెరుకు.
చోడిచేను కొంచెం పాలిపోయి ఉంటుంది,
గోగు కోసేసిన మడి గీసుకున్న గెడ్డంలా.
నువ్వుచేను మాత్రం నన్ను చాలాసార్లు మోసం చేసింది.

యుద్ధం రోజుల్లో తీసిన ఫోటోలవి.
రేవు కోసం తీశారో, దేనికోసం తీశారో,
అంచున యారాడకొండ తోక,
పొరపాటున పడ్డట్టు ఆ పక్కనే
తాటిగెడ్డపాలెం పొలాలు.

ఫ్యాక్టరీకి భూములు తీసుకున్న యేడు
కోరాడ పెంటయ్య మెట్లెక్కి వచ్చాడు.
చేతిలో నోటీసు. అందులో 'మెట్ట' అని ఉంది.
"మెట్ట కాదు బావూ, నుయ్యుంది. మా తాత తవ్విన నుయ్యి.
పూడిపోనాది గానీ, ఉండీది.
మీ బొమ్మలో సూడండి. ఆకాసం అబద్దమాడదు గదా."

చూశాను. భూతద్దం పెట్టి చూశాను.
నుయ్యి ఉండాల్సిన చోట
నాలుగు తాటిచెట్ల పొద్దుటి నీడలు
చెట్లకంటే పొడుగ్గా పడుకుని ఉన్నాయి.
కనబడ్డం లేదన్నాను.
"నీడలోనే ఉంది బావూ.
తొక్కీవోడికి ఎండ తగలకుండా అక్కడే ఏతం పాతారు."

ఆకాశం అబద్ధమాడలేదు.
తనకి అడ్డమొచ్చింది చూసి ఊరుకుంది, అంతే.

పక్క ఫోటో తెచ్చి జత చేశాను.
ఒకే నేలని విమానం రెండుసార్లు చూస్తుంది, కాస్త ముందుకు జరిగి.
ఎడమకంటికొకటి, కుడికంటికొకటి పెడితే
కాగితంలోంచి కొండ లేస్తుంది,
తాటిచెట్లు నిక్కబొడుచుకుంటాయి.
కదలనివన్నీ కుదురుకుంటాయి.
కదిలినవే కుదరవు:
ఆవులు మసక, గెడ్డమీద మెరుపు మసక,
ఇంకా,
తాటినీడ అంచు దాటొచ్చిన వెంట్రుకంత గీత.
ఎడమ ఫోటోలో పొడుగు. కుడి ఫోటోలో పొట్టి.
రెండూ కలవక గాల్లో వణుకుతోంది.

ఏతం.
ఎవరో తొక్కుతున్నారు.

పెంటయ్యని కూర్చోబెట్టి అద్దాలు సర్దాను.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
కింద వీధిలో ఎండుచేపలమ్మి కేకేసుకుంటూ పోయింది.
"మా పెద్దన్న, అసిరన్న," అన్నాడు.
"ఏతం ఆడే తొక్కీవోడు. నాను గుంటణ్ణి, మడికి నీరు కట్టీవోణ్ణి.
ఆడికి ఎక్కడా బొమ్మ లేదండి."

ఫోటో బయటికి ఇవ్వకూడదు.
నేవీ ఉన్న ఊరు, ముద్ర మీద ముద్ర.
ఆ మాట ఎలా చెప్పాలా అనుకుంటుంటే
అతను వేరేది అడిగాడు:
"ఈ బొమ్మకీ ఆ బొమ్మకీ నడుమ ఎంతసేపండి?"
ఇరవై సెకన్లు, అన్నాను.
పెదాలు కదుపుతూ వేళ్ళమీద ఏదో లెక్కచూసుకున్నాడు.
"ఒక బాన," అన్నాడు.

రిమార్కుల గడి చిన్నది.
'బావి కలదు' అని రాసి,
చోటు చాలక గీత దాటి అంచులో
'నీరు తోడుచున్నారు' అని కూడా రాశాను.

మర్నాడు పై అధికారి
ఎర్ర పెన్సిలుతో కాలం సరిదిద్దాడు:
'తోడుచుండిరి.'