పోటు వేళ

సముద్రం కింద తీగ వేయాలంటే
ఖర్చు గిట్టదన్నారు రాజధానిలో.
నూట పన్నెండు గడపల కోసం ఎవరు తవ్విస్తారు?
సరే, గాలినే అడిగాం.

చిలీ దక్షిణాన, చిలోయె దీవుల్లో
ఏడు కిలోమీటర్ల నీళ్లకు ఆ ఒడ్డున టవరు,
ఈ ఒడ్డున బడి కప్పు మీద
అన్నం పళ్లెమంత డిష్.
రెండూ ఎదురెదురుగా చూసుకుంటే చాలు.
మధ్యలో కొండ భుజం అడ్డు రాకూడదు,
ఏపుగా పెరిగే సైప్రస్ కొమ్మ రాకూడదు.
వేలెడు పక్కకు తిరిగిందా,
ఆ చూపు పోయి నీళ్లలో పడుతుంది.

నేను, ఎర్సీరా కోలివోరోని,
నడుముకు తాడు బిగించి, తడిసిన చెక్క పెంకుల మీద
బోర్లా పడుకుని మర తిప్పాను.
మైనస్ ఎనభై. డెబ్బై ఒకటి. యాభై ఎనిమిది.
కింద పిల్లలు ఈల వేశారు.

బడి నుంచి క్లినిక్కుకు, చేపల షెడ్డుకు,
చూరుకో చిన్న తెల్ల డబ్బా.
దాని తోక గోడ చిల్లులోంచి దూరి
కట్టెల పొయ్యి వెనక నుంచి
గదిలోకి వస్తుంది, పిల్లిలా.

మూడో రోజు నుంచి జబ్బు.
రోజుకు రెండుసార్లు చచ్చి బతుకుతుంది,
అదీ నిన్నటికంటే ముప్పావు గంట ఆలస్యంగా.
క్లినిక్కులో ఎవరిదో గుండె గీత
సగం నగరం చేరి ఆగిపోయింది.
వాన అనుకున్నాను. కేబుల్ మార్చాను. రేడియో మార్చాను.
కంపెనీకి రాస్తే
"ఆపి మళ్లీ పెట్టి చూడండి" అన్నారు.

గుల్లలు ఏరే రుదెలిందా
బుట్ట దించి, నిచ్చెన కింద నిలబడి అంది:
"నేను బురదలో ఉన్నంతసేపూ
మీ నెట్టును ఎవరూ తిట్టరు.
నీళ్లు తరిమితే ఇంటికొస్తానా,
అప్పుడే మొదలు, ఇంటింటా శాపనార్థాలు."

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను.
గాలిలో పోయేదీ అలే,
కింద ఊగేదీ అలే.
ఒక అల తిన్నగా వస్తుంది,
ఒకటి నీటి అద్దం మీద కాలు మోపి వస్తుంది.
పోటుకు అద్దం లేస్తుంది, దారి పొడవు మారుతుంది;
ఒకటి ఔననే చోట ఇంకొకటి కాదని,
రెండూ గుమ్మం దాకా వచ్చి
మాట లేకుండా పోతాయి.

రెండో డిష్ కావాలి, మొదటిదానికి బాగా కింద.
ఒక చెవి మూసుకుపోయిన వేళ
రెండో చెవి వినేట్టు.
సరైన ఎత్తులో ఉన్న గోడ ఒక్కటే:
రుదెలిందా బంగాళాదుంపల కొట్టం.

అద్దెకు బదులు నెట్ ఇస్తామన్నాం.
వద్దంది. నెలకోసారి
గొడ్డలికి పదును పెట్టిస్తే చాలంది.

ఇప్పుడు నా రిజిస్టరులో
సిగ్నల్ గడి పక్కన ఇంకో గడి.
దాన్ని ఆమే నింపుతుంది.
అంకెలు వేయదు:
ఆటుకు ఒక గుల్ల బొమ్మ,
పోటుకు ఖాళీ.