తేరుకున్నాక

మిర్చి యార్డున్న ఊళ్ళో
దగ్గుని ఎవరూ పేరడగరు.
ఘాటు అంటారు, తలుపు దగ్గరగా వేస్తారు.

జాన్‌బీ కూడా ఐదు రోజులు ఘాటనే అనుకుంది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
తేజా కాయకి తొడిమ తీసే పని.
ముక్కుకి చుట్టిన తువ్వాలు సాయంత్రానికి ఎర్రన,
రక్తం కాదు, కారం.
ఆరో రోజు జ్వరంతో
కొత్తపేటలో మా ల్యాబు మెట్ల మీద
నాలుగుచోట్ల కూర్చుని పైకొచ్చింది.

నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చాను.
నొప్పి సంగతి ఎత్తలేదు గానీ,
"నన్ను ముట్టుకున్న చేత్తో కళ్ళు నలుపుకోకు నాయనా,
మండిపోద్ది" అంది.
గ్లౌజులున్నాయని చూపించాను.
"అయినా సరే" అంది.

గొట్టంలో రక్తం మొదట అంతా ఒకటే ఎరుపు.
అరగంట కదపకుండా నిలబెడితే
గడ్డ అడుక్కి దిగి
పైన తేట నిలుస్తుంది, ఎండుగడ్డి రంగులో.
తేరుకుంది అంటాం మేం.
మంచం దిగిన మనిషినీ అదే మాట అంటారని
ఇరవై రెండేళ్ళు ఈ పని చేశాక
మొన్న మొన్ననే గమనించాను.

"కాయితం రేపిస్తావా?"
రేపు ఇస్తే సగమే ఇస్తానమ్మా.
ఒళ్ళు కొత్త మొహాన్ని చూడగానే పోల్చుకోదు.
ముందు ఐజీఎం వస్తుంది
సీజను కూలీలా, నాలుగు వారాలుండి పోతుంది.
వెనకాల ఐజీజీ,
అది గుడిసె వేసుకుని ఉండిపోయే రకం.
ఇవాళ్టి రక్తం ఒకటి, రెండు వారాల తర్వాతి రక్తం ఒకటి
పక్కపక్కన పెడితేనే
వచ్చింది ఎవరో, ఎప్పుడొచ్చారో.
పోల్చుకోవాలంటే పోల్చాలి.

"అప్పటికి తగ్గిపోద్దిగా!
చేతులు కాలాక ఆకులు పట్టుకోమంటావు."
కాల్చింది ఏ నిప్పో తెలియాలిగా అన్నాను.
చెబుతుంటే నాకే అంత గట్టిగా అనిపించలేదు.

పద్నాలుగో రోజు రాలేదు.
వస్తే పూట కూలి పోతుంది, నాకు తెలుసు.
ఫ్రీజరులో ఆమె తేట గడ్డకట్టి ఉంది.
కరెంటు పోయినప్పుడల్లా
చంటిబిడ్డ ఉన్న ఇంట్లోలా లేచి చూశాను.

పంతొమ్మిదో రోజు వచ్చింది.
ఎక్కడా కూర్చోకుండా ఎక్కింది మెట్లన్నీ.

చుట్టాలు పెరిగేకొద్దీ మజ్జిగలో నీళ్ళు పోసినట్టు
ఆ తేటని పలచన చేస్తూ పోతాం.
పదికి ఒకటి, ఇరవైకి ఒకటి,
నలభై, ఎనభై...
ఎంత పలచనైనా పులుపు ఎక్కడిదాకా తగులుతుందో చూస్తాం.
మొదటి రక్తం ఇరవై దగ్గరే చప్పబడింది.
రెండోది మూడొందల ఇరవై దాకా చావలేదు.
నాలుగింతలు పెరిగితేనే చాలంటాడు డాక్టరు.

వైరస్సమ్మా. ఘాటు కాదు.

కాయితం తిరగేసి చూసింది.
"ఆ ముక్క తెలుగులో రాయి. పెద్ద అక్షరాలతో.
మా షెడ్డులో పదకొండు మందిమి దగ్గుతున్నాం.
కారం ఎగురుద్దని కిటికీలు తియ్యనివ్వడు మేస్త్రీ."
రాశాను. కింద సంతకం కూడా పెట్టమంది.
నా సంతకానికి అంత విలువ లేదని చెప్పలేకపోయాను.

మడతపెట్టి రవికెలో దోపుకుని
కదల్లేదు.
"సువార్త కూడా నీ దగ్గరే ఇచ్చిందంట.
పోయిన నెల."

ఇచ్చింది.
పెట్టెలో మూడో వరస, నా చేతిరాత.
ఎనభై.
ఎప్పటి ఎనభయ్యో.
ఏ ఏడాదో వచ్చిపోయిన జలుబుదో,
ఆ వారానిదో.
ఒక్కదాన్ని దేనితో పోల్చను?

నా అలవాటు కొద్దీ
రెండో గొట్టానికీ అప్పుడే చీటీ అంటిస్తాను.
పేరుంది. వయసుంది.
తేదీ దగ్గర ఖాళీ.

జాన్‌బీ ఆ గొట్టం అడిగి తీసుకుని
కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది,
లోపల ఏమీ లేదని తెలిసీ.

కళ్ళు తుడుచుకోబోయి
చెయ్యి గుర్తొచ్చి
మోచేత్తో తుడుచుకుంది.