రెండు వేళ్ళ సందు

క్లాక్స్విక్ రేవులో నా కొట్టు.
ట్రాలర్ల బెర్తులకు పరుపులు కోస్తాను,
కెప్టెన్ల కుర్చీలకు తోలు తొడుగుతాను.
పెద్దవాళ్ళ నడుముల సంగతి నాకు బాగా తెలుసు.

మంగళవారం, వాన అడ్డంగా కొడుతుంటే
బ్రాండుర్ ఒక ఊగుతొట్టి మోసుకొచ్చాడు
నెత్తిమీద బోర్లించుకుని, గొడుగులా.
వాళ్ళ తాత చేసిందట.
జీవితమంతా పడవలే చేసిన చేయి, ఇంకోటి చేయడం రాదు:
ముందు సన్నం, నడుమ వెడల్పు, వెనక మళ్ళీ సన్నం.
మేకులు కూడా పడవ మేకులే.

లోపల కొత్త పరుపు పెట్టి చూపించాడు.
దుకాణం పరుపు, కోలచదరం,
కవరు ఇంకా విప్పలేదు.
"సరిపోయినట్టేగా?"

నేను మాట్లాడలేదు.
చూపుడువేలూ నడివేలూ జోడించి
పరుపుకీ చెక్కకీ మధ్య దించాను.
వేళ్ళు పోయాయి.
వేళ్ళ వెనకే చేయి పోయింది, మణికట్టు దాకా.
బ్రాండుర్ నా చేతినే చూస్తున్నాడు,
నీళ్ళల్లో ఏదో జారవిడుచుకున్నవాడిలా.

"ఇప్పుడెక్కడ పడుకుంటోంది?"
"ఆస్పత్రివాళ్ళిచ్చిన తొట్టిలో. శుక్రవారం తిరిగివ్వాలి."
తొమ్మిది రోజుల పిల్ల. ఇంకా పేరు లేదు.

తర్వాత సంచి విప్పాడు.
అత్తగారు పంపినవి:
బాతు ఈకల బొంత, ముట్టుకుంటే మబ్బు;
అరచేతంత దిండు, అంచున అల్లిక;
చుట్టూ కట్టడానికి జడలా పేనిన ఉన్ని గోడ.
నెలల తరబడి కళ్ళు పొడుచుకుని కుట్టిన పని.
ఒక్కొక్కటే మడిచి సంచిలో పెట్టేశాను.
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ
పసిదాని దగ్గర
మెత్తనిదే మొత్తుతుంది.
తల తిప్పుకోవడం రాని మనిషి అది, బ్రాండుర్.
నువ్వు ముఖం మీద దుప్పటి లాగేసుకుంటావు.
దానికి చేతులున్నాయని దానికే తెలీదు.

నాకన్నా ముందు మా ఇంట్లో ఒకడుండేవాడు.
ఏమైందో ఎవరూ చెప్పలేదు. చలికాలం అన్నారు.
చలికాలానికి అక్కడ చాలా అంటగట్టేవాళ్ళు.
నాకు తెలిసిందల్లా
మా అమ్మ మరి దిండు కుట్టలేదు,
ఎవరికీ.
ఇది బ్రాండుర్‌కి చెప్పలేదు. కత్తెర వెతుక్కున్నాను.

పాత వార్తాపత్రిక తొట్టి అడుగున పరిచి
అంచు వెంట గోటితో గీత గీశాను.
చేపల ధరల మీదుగా, చావు ప్రకటనల మీదుగా
పడవ ఆకారం తేలింది.
గట్టి ఫోము తీశాను. పిడికిలితో నొక్కాను:
చేయి తీయగానే లేవాలి, గుంట మిగలకూడదు.
మొదటిది ఒక నూలుపోగంత తక్కువైంది. పారేశాను.
రెండోది ఊపిరి బిగబట్టినట్టు దిగింది.

దుప్పటికి చుట్టూ ఎలాస్టిక్ కుట్టి
అడుగుకి బెత్తెడు మడత వదిలాను.
పట్టుకుని లాగాను, ఊడింది.
విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ లాగాను.
రాత్రి పదకొండయింది, ఇంకా వెలుగుంది,
గువ్వలు అరుస్తూనే ఉన్నాయి.

శుక్రవారం ముగ్గురూ వచ్చారు, కాదు, నలుగురు.
రాన్వా పిల్లను వెల్లకిలా పడుకోబెట్టింది,
చేతుల్లేని సంచి చొక్కాలో,
చుట్టూ ఏమీ లేకుండా.
వాళ్ళమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.
"ఇంత ఖాళీగానా?"
"ఖాళీగానే," అన్నాను.
ఆ బొంత తీసి రాన్వా భుజాలకు కప్పాను.
బాలింత, వణుకుతోంది. దానికి పనికొచ్చింది.

బ్రాండుర్ డబ్బు లెక్కపెడుతున్నాడు.
ముసలామె నెమ్మదిగా వచ్చి
తొట్టి మీదికి వంగింది.
పిల్లను చూడలేదు ముందు.
ఉంగరమున్న వేలూ, పక్క వేలూ జోడించి
మూల దగ్గర దించబోయింది.
దిగలేదు.
ఇంకో మూల చూసింది.

"ఊఁ," అంది.