పలక

సాల్ట్‌బర్న్ చెక్కవంతెన చివర జెండాగుడ్డ వేలాడిపోయింది.
గాలి లేదు.
సముద్రం, అప్పుడే తుడిచిన పలక.

అరవై మూడు మందిమి
బోర్డుల మీద కాళ్ళు చెరో పక్కకి జారేసి కూర్చున్నాం,
నల్ల రబ్బరు సూట్లలో, నీటికాకుల్లా.
మధ్యలో ఎనిడ్ గార్బట్,
తను చెప్పినట్టే, పాత బిస్కెట్ డబ్బాలో బూడిదై.
పూలు వద్దంది. చేపలు తినవట.

అల ఒక్కటీ లేదు.

అరవై నాలుగులో, అప్పటికి పంతొమ్మిదేళ్ళు,
పడగొట్టేస్తున్న చర్చి తలుపొకటి
రెండు షిల్లింగులకి కొంది.
వాళ్ళ నాన్న రంపంతో మూలలు గుండ్రం చేసింది,
మిగిలిన కొవ్వొత్తి ముక్కలు రుద్దింది,
అన్న ఊలు స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని
జనవరిలో దిగింది ఉత్తర సముద్రంలోకి.
రాత్రి షిఫ్టు దిగిన ఉక్కు కార్మికులు
కమ్మీలు పట్టుకుని చూశారు.
ఒకాయన టోపీ తీశాడట, ప్రాణం పోయిందనుకుని.
తలుపుకి గొళ్ళెం ఇంకా ఊడదియ్యలేదు.
"తట్టాను, తీసింది," అనేది తరవాతెప్పుడో,
"మూతి మీద తన్ని మరీ తీసింది."

నేను వెళ్ళింది నలభై మూడో ఏట,
మందుల షాపులో రాత్రి డ్యూటీలు చేసి చేసి
నిద్ర ఎటు పోయిందో వెతుక్కుంటూ.
మాణిక్యాంబ అన్నాను.
నోటుబుక్కులో మానిక్యూర్ అని రాసుకుంది.

మొదటి రోజు నీళ్ళు తాకనివ్వలేదు.
ఇసకలో కర్రతో నిలువుగా ఒక పలక గీసింది.
పడుకో. లే. పడుకో. లే.
నాకు నవ్వొచ్చింది.
ఇసకలో ఓనమాలు దిద్దిన వేలికి తెలుసు,
మొదటి అక్షరం వంకరగానే వస్తుందని.
మోకాళ్ళకే తెలీదు.

అప్పటికే ఆవిడకి వినపడదు.
యాభై ఏళ్ళు చన్నీళ్ళు కొట్టి కొట్టి
చెవుల్లో ఎముక పెరిగి దారి మూసేసింది.
తొలిచి తీసేస్తానన్నాడు డాక్టరు.
"ఎందుకు? అది చెప్పాల్సింది చెప్పేసింది."
ఇక పాఠమంతా చేతులతోనే.
అరచెయ్యి కిందికి: ఆగు.
వేలు భుజం మీదుగా: వెనక చూసుకో.
పిడికిలి విప్పితే: వదిలెయ్, ఇది నీది కాదు.
ఆ మూడోది నేర్చుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.
ఒడ్డు మీద ఇంకా పట్టేలా ఉంది.

కొలిమి ఆరిపోయిన ఏడాది
నాన్నల పని పోయిన పిల్లలు వంతెన కింద
సీసాలు పగలగొడుతుంటే
షెడ్డు తాళం తీసి, తాళంచెవి ఎక్కడో పారేసింది.
బోర్డు తీసుకో, పేరు రాయి, పో.
తిరిగి తేనివాళ్ళ పేర్లు ఒక్కటీ కొట్టెయ్యలేదు.
ఎదురుగా రాసి ఉంటుంది, ఎర్ర పెన్నుతో:
ఇంకా నీళ్ళలోనే ఉన్నారు.
తొమ్మిదో నంబరు నా దగ్గరుంది.

సరే, కూర్చున్నాం.
మడమలు మొద్దుబారాయి.
ప్లంబరు క్లైవ్ హోర్న్‌బీ డబ్బా మూత తియ్యలేక తియ్యలేక
పళ్ళతో తీశాడు.
బూడిద నీటి మీద కాసేపు అలాగే నిలబడింది,
ఆవిడలాగే, తొందరేమీ లేకుండా.

అప్పుడొచ్చింది, మోకాలెత్తు అల.
భక్తిగా దారిచ్చాం అందరం.
ఎవరూ కదల్లేదు.
అది ఒంటరిగా ఒడ్డుదాకా వెళ్ళి విరిగింది.

"పాడుచేశారు!"
క్లైవ్ మనవరాలు, తొమ్మిదేళ్ళది.
నిన్ననే లీడ్స్ నుంచి వచ్చింది, ఆవిణ్ణి చూడనే లేదు.
అచ్చం ఆ తిట్టే. అదే విరుపు.

రెండోదానికి అరవై మూడు మందిమీ ఒకేసారి లేచాం.
బోర్డుకి బోర్డు తగిలి, మోచేతులు ముక్కులకి తగిలి
ఒకరి మీద ఒకరం పడ్డాం.
నోట్లోకి నీళ్ళు పోయాయి,
అందులో కొంచెం ఆవిడ కూడా ఉండి ఉండొచ్చు.
ఉమ్మలేదు.