అప్పు రేపు

పర్లాకిమిడి బజారు వీధిలో
నేను రాసిన బోర్డులు ఇంకా పద్నాలుగున్నాయి.
షాపులు మూడే.

మిగతావి గోడకంటుకున్న పేర్లు.
లోపల మనిషి లేడు, తక్కెడ లేదు,
పేరొక్కటే ఎండకి పొట్టు రాలుస్తూ
ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తోంది.

పైన ఒడియా, కింద తెలుగు.
ఒడియా అక్షరానికి గొడుగు పట్టాలి,
తెలుగు అక్షరానికి తలకట్టు కట్టాలి,
రెంటికీ కడుపు గుండ్రమే.
మా గురువు బైరాగి నేర్పిన చదువింతే.
మిగతాదంతా చెయ్యి వణక్కపోవడం.

కొర్లాం తవిటయ్య ఒప్పుకోలేదు.
"కిందైతే కిందే రాయి గానీ బాబూ,
అచ్చరం చిన్నదైతే
నా ఉప్మాలో ఉప్పు తగ్గినట్టే" అన్నాడు.
స్కేలు తెచ్చి కొలిచాడు.
అర అంగుళం తక్కువొచ్చింది.
మళ్లీ రాశాను.
కూలి అడిగితే రెండు పెసరట్లు వేశాడు,
అల్లం పచ్చడి ఆ ఒక్క పూట
అడక్కుండానే రెండోసారి వడ్డించాడు.

గుణుపూరు నుంచి చిన్న రైలు
సైకిల్ కంటే నెమ్మదిగా వచ్చే రోజులు.
కూత వినబడ్డాకే పెనం మీద నీళ్లు చిలికేవాడు.
జనం దిగి నడిచొచ్చేసరికి
అట్టు అంచు ఎర్రబడేది.
కొండమీంచి చింతపండుతో వచ్చిన సవర ఆడవాళ్లు
నెత్తిన బుట్ట దించకుండానే టీ తాగేవారు,
ఒక్క చుక్క ఒలికేది కాదు.

రైలు పెద్దదయింది.
ఇప్పుడు ఆకలేసేలోపే ఊరు దాటిపోతుంది.

ఎదురుగా మహారాణా ముసలాయన
కొమ్ముతో కొంగను చేశాడు,
కొంగ నోట్లో చేపను చేశాడు,
చేప కంట్లో చుక్క పెట్టడానికి
నా సన్న బ్రష్షు అరువు తీసుకున్నాడు.
నెల తర్వాత అడగడానికి వెళితే తాళం.
ఆ చీకట్లో ఎక్కడో
నా ఉడత వెంట్రుకల బ్రష్షు ఇంకా ఉంది.
చేప చూస్తోందో లేదో తెలీదు.

ఫ్లెక్సీ మిషను వచ్చిన ఏడు
నాకు పని పోయింది.
తవిటయ్య రేకు ముక్క ఒకటి తెచ్చి
"అప్పు రేపు అని రాయి,
ఒడియాలోనూ రాయి, అప్పుకి భాషేటి?" అన్నాడు.
ఎర్ర రంగు అడుగంటింది, నీలంతో రాశాను.
దాని కిందే కూర్చుని ఆరు నెలలు అప్పు తిన్నాను.

పొడుగు పుస్తకంలో నా పేరుండేది కాదు,
"రంగులాడు" అని ఉండేది,
పక్కన అంకెలు చీమల బారు.
ఎప్పుడిమ్మంటావని అడిగితే
గరిటెతో గోడకేసి చూపించేవాడు.
ఇవాళ అప్పు లేదు పొమ్మనడానికి రాయించిన మాట,
తీర్చడం రేపు చూద్దాంలే అని
నా ఒక్కడికి చదివి వినిపించేవాడు.

మోకాళ్లు పట్టేసి పొయ్యి ముందు నిలబడలేక
ఓ వానాకాలం మూసేశాడు.
టెక్కలిలో తమ్ముడింట్లో ఉన్నాడట.
అట్టు ఎవరు వేసినా వంక పెడుతున్నాడట.
గంటన్నర బస్సు.
డబ్బు కూడా ఉంది, రెండుసార్లు కట్ట కట్టాను.
బస్టాండు దాకా వెళ్లి
టీ తాగి వెనక్కొచ్చాను.
అది కట్టేస్తే
ఆ హోటల్లో నాకింకేం మిగులుతుంది?

నిన్న స్థలం కొన్న కుర్రాడు పిలిచాడు.
సెల్‌ఫోన్ల షాపట, బోర్డు ప్లాస్టిక్‌ది వస్తుందట,
పాత గోడకి తెల్లరంగు కొట్టాలట, ఐదొందలు.
నిచ్చెనెక్కాను.
గొడుగుల మీద వేశాను,
తలకట్ల మీద వేశాను,
అంగుళం తేడా రాకుండా దిద్దిన
ఆ పొట్ట అక్షరాల మీద వేశాను.

ఆరాక చూస్తే
పేరు అలాగే కనబడుతోంది,
పాలలోంచి అడుగు కనబడ్డట్టు.
కుర్రాడు గోడవైపు చూసి, నావైపు చూశాడు.

రెండో కోటు
రేపు వేస్తానని చెప్పాను.