ఇనుము లేని గది

గుత్తి రైలుపట్టాలకు అందనంత దూరంలో
శెనిక్కాయ చేన్ల నడుమ ఒక రాతి గది.
ఒక్క ఇనుప మేకు లేదు దానికి.
బందులు ఇత్తడివి, గడియ కొయ్యది.
లోపలికి పోవాలంటే
గడియారం, బీగాలు, మొలతాటి పిన్నీసు
బయట గూట్లో పెట్టాల్సిందే.
పద్దెనిమిదేండ్లుగా నేనే కావలి.

భూమి కూడా ఒక సూదంటురాయేనంట.
దాని బలం ఎంతుందో లోపలి పెట్టె
కాగితం మీద గీస్తాంటుంది.
మామూలు దినాల్లో గీత
మధ్యాన్నానికి ఓ మోస్తరు లేచి
పొద్దుగూకేసరికి దిగి పండుకుంటుంది.
సూర్యుడు రేగినప్పుడు మాత్రం
ఒక్క ఎగురు ఎగిరి
చేంతాడు తెగిన బిందె మాదిరి కిందికి.

కాశింబీకి బీపీ అని తేలినాక
ఆ పుస్తకంలోనే ఇంకో గడి కొట్టినా.
ఎడమ పక్క భూమి,
కుడి పక్క నా పెండ్లాం.

సారు చూసి నవ్వినాడు.
నవ్వు మధ్యలో ఆపి,
"ఇట్లాంటి లెక్కలు పెద్దపెద్దోళ్లే తీస్తాండారు దస్తగిరీ.
కొందరి గుండె ఆ కదలిక వింటుందంటారు,
కొందరిది వినదంటారు. ఇంకా తేలలేదు" అన్నాడు.
పామిడి డాక్టరమ్మకు చెప్తే
తల ఎత్తకుండానే రాసింది: ఉప్పు తగ్గించు.

రోహిణి కార్తెలో ఒక రాత్రి గీత పడిపోయింది.
ఇంటికి పోతే ఆమె నిద్ర పట్టక
గోడకానుకొని కూచోనుంది.
నూట డెబ్బై, నూరు.
చెయ్యి వణుకుతాంటే రాసుకున్నా,
దొరికిందిరా అని.

తెల్లారి బియ్యం డబ్బా వెనక బ్యాంకు కాగితం.
కుదవ పెట్టిన గొలుసు వేలమంట.
నాలుగు దినాలుగా నాకు చూపలేదు.
దాన్ని ఏ గడిలో రాయాల?

మఖ కార్తెలో గీత ఇంకా లోతుకు దూకింది.
ఆ పొద్దు వాళ్ల చెల్లెలు వచ్చింటే
ఉగ్గాని తింటా ఇద్దరూ ఒకటే నవ్వు.
నూట ముప్పై, ఎనభై.
కొట్టేద్దామనిపించింది. కొట్టేయలేదు.

నెత్తుర్లో కూడా ఇనుముంటుందని
మాత్రలిచ్చేటప్పుడు నర్సమ్మ చెప్పింది.
గూట్లో పెట్టి పోలేనిది అదొక్కటే మరి.

ఆమె బువ్వ తెచ్చినప్పుడల్లా
గదికి అంత దూరంలో బండ మీద కూచోబెట్టి
చేతికి పట్టీ చుట్టి గాలి కొడతా.
గది దిక్కు చూస్తా చూస్తా
లెక్క మరిచిపోతా.

"అది యాడికీ పోదు గానీ
ముందు గాలి వదులు,
చెయ్యి తిమ్మిరెక్కతాంది" అంటుంది.